మనీలా ముద్ర వెండి నాణెం వేలంలో పాడే ముందు

స్పెయిన్ ఏలుబడిలోని ఫిలిప్పీన్స్‌లో మెక్సికో, పెరూ, బొలీవియా వెండి నాణేలు చెలామణి అయ్యేవి. ఆ దేశాలు స్పెయిన్ మీద తిరగబడి విడిపోయినవి కాబట్టి, మనీలాలో వాటిపై స్పెయిన్ రాజు ముద్ర కొట్టి వాడుకున్నారు. పాట పెంచే ముందు ఇవి చూసుకోండి.

– మొదట నాణెం మీది సంవత్సరం చూడండి. కిరీటం కింద ‘ఎఫ్.7’ (ఏడో ఫెర్నాండో రాజు) ముద్ర 1832లో, ఇసబెల్లా రాణి ‘వై.ఐఐ’ ముద్ర 1834 చివర్లో మొదలయ్యాయి. 1837లో ఆపేశారు. 1840 నాణెం మీద ఈ ముద్ర ఉంటే అది దొంగముద్రే. ఇది చూడకపోతే డబ్బంతా పోయినట్టే.

– ముద్రకు సరిగ్గా వెనకవైపు చూడండి. దెబ్బ పడ్డచోట బొమ్మ కాస్త చదునవుతుంది. అక్కడ చెక్కుచెదరకుండా ఉంటే పోత నకిలీ కావచ్చు.

– అరిగిన నాణెం మీద తాజా ముద్ర ఉండొచ్చు, తప్పేం లేదు. ముద్ర అరిగి నాణెం మాత్రం కొత్తగా ఉందా? వదిలేయండి.

– ఎనిమిది రియాళ్ల (అప్పటి స్పెయిన్ డబ్బు) నాణెం సుమారు 27 గ్రాములు. ఫొటో చాలదు, బరువు అడగండి.

– కొన్నాక చింతపండుతో తోమకండి, ధర పడిపోతుంది.