పెద్ద వాటర్ పంప్ ప్లయర్: ఏ బ్రాండ్ కొనాలో ఎలా తేల్చుకోవాలి?

పైపులు, పెద్ద నట్లు పట్టి తిప్పడానికి నోటి సైజు మార్చుకునే పెద్ద ప్లయర్ కొనేటప్పుడు చాలామంది ముందు కంపెనీ పేరు చూసి, తర్వాత సైజు ఎంచుకుంటారు. ముందు పని చూసుకుని, పేరు దగ్గరికి చివర్లో రమ్మంటాను నేను.

1. పట్టాల్సిన పైపు లేదా నట్టును బయటివైపు కొలవండి. 3 అంగుళాల ఇనుప పైపు బయటి వ్యాసం నిజానికి 88.9 మిల్లీమీటర్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

2. ప్లయర్ పొడవు కాదు, నోరు ఎంత తెరుచుకుంటుందో చూడండి. చానెల్‌లాక్ కంపెనీ 460 మోడల్ పొడవు 16.5 అంగుళాలు, నోరు 4.25 అంగుళాలు (సుమారు 108 మిల్లీమీటర్లు) తెరుచుకుంటుంది. దాదాపు అంతే పొడవున్న క్నిపెక్స్ కంపెనీ కోబ్రా 400 మోడల్ సుమారు 90 మిల్లీమీటర్ల పైపు వరకు పడుతుంది. అంటే పైన చెప్పిన పైపుకు అది సరిగ్గా అంచుల్లో ఉన్నట్టే. ఎప్పుడూ ఆఖరి గాడి దాకా తెరవాల్సి వచ్చేటట్టయితే పై సైజు తీసుకోండి.

3. సైజు మార్చే తీరు మీ చేతికి నప్పాలి. అసలు తేడా ఇక్కడే ఉంది. చానెల్‌లాక్‌లో పిడులు బాగా విప్పి, దవడను ఒక గాడి నుంచి ఇంకో గాడికి జరపాలి. ఆ కంపెనీ ఇంజనీరు హోవర్డ్ మానింగ్ 1933లో రూపొందించిన పద్ధతి ఇది. కోబ్రాలో దవడను పైపుకు ఆనించి బటన్ నొక్కి జరిపితే చాలు. సింక్ కింద పడుకుని, ఒక చెయ్యి పైపును పట్టుకుని ఉన్నప్పుడు ఆ బటన్ విలువ తెలుస్తుంది. అలాంటి పని ఎక్కువైతే నా ఓటు కోబ్రాకే. నేల మీద నిలబడి రెండు చేతులతో చేసే పనికి, నోరు ఇంకా పెద్దగా కావాలనుకుంటే చానెల్‌లాక్ బాగుంటుంది.

4. కీలు కదిపి చూడండి. దవడలు పక్కలకు ఊగితే ఎంత చవకైనా వద్దు. ఒకసారి పేరులేని ప్లయర్‌తో బిగుసుకుపోయిన నట్టు తిప్పుతుంటే గాడి జారి నా వేళ్లు గోడకు కొట్టుకున్నాయి. కీలు వదులుగా ఉందని కొన్నప్పుడే చూసి ఉండాల్సింది.

5. క్రోమ్ పూత ఉన్న నట్లే ఎక్కువగా తిప్పుతారా? అయితే పళ్లున్న ప్లయర్ ఏదైనా గీతలు పెడుతుంది. దవడలు నున్నగా, సమాంతరంగా ఉండే క్నిపెక్స్ ప్లయర్స్ రెంచ్ దానికి సరైనది. గుండ్రటి పైపుకు మాత్రం అది పనికిరాదు.

6. వీలైతే చేత్తో పట్టుకుని చూడండి, గ్లవ్స్ వేసుకునే పనైతే గ్లవ్స్‌తోనే. పిడులు మీ గుప్పిట్లోకి రావాలి.

కొన్నాక తిప్పే దిశ గుర్తుంచుకోండి: బలం పై దవడ మీద పడేలా, కింది దవడ ఉన్న వైపుకు తిప్పాలి. అటు తిప్పితే పళ్లు ఇంకా బిగుస్తాయి, ఎదురు దిశలో తిప్పితే జారతాయి.