తొలకరికి ముందు పాత మండువా ఇల్లు బాగుచేయించేవారికి జాగ్రత్తలు

పోయిన నెల మా పక్క ఊళ్లో ఒక మండువా ఇంటి పడమటి వసారా కూలిపోయింది. రెండు రోజులు అకాల వాన కురిసి వెలిసి, ఎండ కూడా కాసిన తరువాత, మిట్టమధ్యాహ్నం కూలింది. ఇంటివాళ్లు ఆ వేళకు పెరట్లో ఉండటం వల్ల ప్రాణాలు దక్కాయి. వాళ్లు ఇంటిని పాడుపెట్టినవాళ్లు కారు. నాలుగేళ్ల కిందటే చాలా ఖర్చుపెట్టి బాగుచేయించారు. నేను వెళ్లి చూసేసరికి కిందపడిన తాటి దూలం నడుమ భాగం నల్లగా, చేవ చెడకుండా, గొడ్డలి పడితే తిరిగొచ్చేలా ఉంది. గోడలో దూరిన జానెడు చివర మాత్రం వేళ్లతో నలిపితే పొడి అయ్యేలా చివికిపోయింది. ఆ గోడకు లోపలా బయటా నున్నటి సిమెంటు ప్లాస్టింగు ఉంది.

ఇప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది. మృగశిర వస్తే వానలు వస్తాయి. కోనసీమలోనూ, గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలోనూ తాతల నాటి ఇళ్లకు వారసులు హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో సెలవులకు వచ్చి, సంక్రాంతికల్లా ఇల్లు తెల్లగా ఉండాలని మేస్త్రికి పురమాయించి వెళ్లిపోయే కాలం కూడా ఇదే. పగిలిన పెంకులు మార్చుకోవాలని, పాత కరెంటు తీగలు తీయించాలని, అటక ఎక్కేముందు పాములూ తేళ్లూ చూసుకోవాలని ఎవరూ చెప్పనక్కరలేదు కాబట్టి వాటి గురించి రాయడం లేదు.

గోడలు

సున్నపు గోడ మీద సిమెంటు వేయించకండి. ఈ వ్యాసంలో మిగిలినదంతా మరిచిపోయినా ఇది ఒక్కటి గుర్తుంటే చాలు.

పాత గోడ ఇటుకనూ, గానుగ సున్నాన్నో బంకమట్టినో పెట్టి కట్టినది. దాని కింద, ఈనాటి ఇళ్లకు ఉన్నట్టు, నేల తడిని ఆపే పొర ఏదీ ఉండదు. డెల్టా భూముల్లో నీరు పైపైనే ఉంటుంది గనుక, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు గోడ ఆ తడిని పైకి పీలుస్తూనే ఉంటుంది. కట్టినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే పైన సున్నపు పూత వేశారు. సున్నం తడిని ఆపదు, బయటికి వదులుతుంది. పగలు ఎండకూ గాలికీ గోడ ఆరుతుంది, మళ్లీ కొంత పీలుస్తుంది, మళ్లీ ఆరుతుంది. వందేళ్లు నిలిచిన గోడ ఈ లెక్క మీదే నిలిచింది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. మోకాలి ఎత్తున ఆగిపోవలసిన నెమ్ము నడుము ఎత్తుకు, అక్కడి నుంచి నిలువెత్తుకు, చివరికి దూలాలు ఆనిన చోటికి ఎక్కుతుంది. పైగా సిమెంటు గట్టిదే గానీ సాగని పదార్థం. పాత గోడ కొద్దిగా కదిలినా వెంట్రుకవాసి బీటలు పడి, ఆ బీటల్లోంచి వాననీరు లోపలికి దిగుతుంది, దిగిన నీరు తిరిగి వచ్చే దారి ఉండదు. లోపల మట్టి మెత్తబడుతుంది, ఇటుక పొడిగా రాలుతుంది, దూలం చివర చీకట్లో చివుకుతుంది. పైకి మాత్రం గోడ పెళ్లి ఇంటి గోడలాగే కనిపిస్తుంది. నా కళ్లెదుట పాడైన ఇళ్లలో ఎక్కువ ఈ దారినే పోయాయి. మరమ్మతు లేక కూలిన ఇళ్ల కంటే ఈ మరమ్మతు వల్ల కూలినవే నేను ఎక్కువ చూశాను.

ఈ తప్పు రకరకాల వేషాల్లో వస్తుంది. గోడకు సిమెంటు వద్దన్నవారే నెమ్ము కనబడకుండా వాటర్‌ప్రూఫ్ రంగు వేయిస్తారు. అదీ ఇదే తప్పు. పాత గచ్చు తీసి నున్నటి టైల్స్ పరిపిస్తారు. నేల నుంచి ఆవిరిగా పోవలసిన తడి గోడల వైపు మళ్లుతుంది. ఇంటి చుట్టూ శుభ్రంగా ఉంటుందని గోడను ఆనించి కాంక్రీటు పోయిస్తారు, మళ్లీ అదే. సున్నంలో ఒక తట్ట సిమెంటు కలిపితే త్వరగా పట్టుకుంటుందని మేస్త్రి అంటాడు. అతను మోసగాడు కాడు, సున్నపు పని నేర్పిన తరం పోయింది, అంతే. అయినా ఒప్పుకోవద్దు.

ఇప్పటికే సిమెంటు పూసి ఉంటే, భయపడి వానల ముందు దాన్ని ఊడపెరికించవద్దు. మట్టి పెట్టి కట్టిన గోడను పూత లేకుండా జడివానకు వదిలేయడం ఇంకా పెద్ద ప్రమాదం. ప్రస్తుతానికి గోడ మొదట్లో నీరు నిలవకుండా చేస్తే చాలు. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేయడం వల్ల ఊళ్లలో వీధి ఎత్తై ఇళ్లు పల్లంలో పడిపోయాయి. వీధి నీరు అరుగు వైపు రాకుండా గండి కొట్టి మళ్లించాలి, గోడకు ఆనుకుని పేరుకున్న మట్టిని, పునాది రాళ్లు బయటపడకుండా, పాత నేలమట్టం వరకే తీయించాలి. పూత ఊడదీసే పని కార్తీకం తరువాత, తుఫానుల బెడద తగ్గాక, గోడకు ఒక పక్క చొప్పున, చిన్న ఉలితో చేయించాలి.

సున్నపు పూతకైనా ఇది కాలం కాదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుంది. వానాకాలం చెమ్మలో అది ఆరదు, నడివేసవిలో మరీ త్వరగా ఆరి పొడిలా రాలుతుంది. మార్గశిరం నుంచి మాఘం వరకు దానికి తగిన కాలం. గుల్ల సున్నమైనా రాతి సున్నమైనా నీళ్లలో కనీసం కొన్ని వారాలు మగ్గాలి. ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్లు ఏటి ఇసుక, అందులో కొంత ఇటుక పొడి, నీళ్లలో నానవేసిన కరక్కాయా బెల్లమూ మన పెద్దలు వాడినవి. పూత పలచగా, పొర మీద పొరగా వేసి, వారం రోజులకు తగ్గకుండా తడుపుతూ ఉండాలి. ఉప్పు ఇసుక వద్దు.

ఇంటి వయసు తెలిసిన తరువాతే పలుగు పట్టాలి

ఇంటి చరిత్ర వెతకడం సరదా పని అనుకుంటారు గానీ, ఏ గోడ ఎప్పుడు వచ్చిందో తెలియకుండా ఏ గోడ దేన్ని మోస్తున్నదో తెలియదు. మా ఇంట్లోనే జరిగిన సంగతి చెబుతాను. సావిడికి అడ్డంగా ఉన్న గోడ తీసేస్తే మండువా మునుపటిలా విశాలంగా ఉంటుందని మా బాబాయిగారి అబ్బాయి పట్టుబట్టాడు. పని మొదలుపెట్టే ముందు రోజు భోషాణం అడుగున ఫసలీ 1346 నాటి పంపకాల దస్తావేజు దొరికింది. ఫసలీ అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1936-37. మా తాతగారూ ఆయన అన్నగారూ ఇల్లు పంచుకున్నప్పుడు సావిడి దూలాన్ని నడిమికి కోసి, రెండు సగాలనూ కొత్తగా లేపిన ఆ గోడ మీద ఆనించినట్టు అందులో ఉంది. కింద నుంచి చూస్తే ఆ కోత కనబడదు, సున్నం కప్పేసింది. మర్నాడు గోడ పడగొట్టి ఉంటే కప్పు మా నెత్తిన పడేది.

కాగితాలు లేకపోయినా ఇల్లు తన వయసు చెబుతుంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువల కింద వరి పండాక వచ్చిన ధాన్యపు సొమ్ముతోనే గోదావరి డెల్టాలో పెద్ద లోగిళ్లు ఎక్కువగా లేచాయి. మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వారి పెంకుల కర్మాగారం మొదలైంది 1865లో. మీ కప్పు మీది బంగాళా పెంకు, అంటే ఆ మంగుళూరు రకం పలక పెంకు, తిరగేస్తే వెనుక కర్మాగారం పేరు కనిపించవచ్చు. గూనపెంకులు అంతకు ముందు నుంచీ ఉన్నవి. రంగూన్ టేకు దూలమైతే చాలావరకు 1942కు ముందు వచ్చినదై ఉంటుంది, ఆ ఏడు జపాన్ బర్మాను ఆక్రమించడంతో ఆ రాక తెగిపోయింది. పోర్‌బందర్ కర్మాగారంలో సిమెంటు ఉత్పత్తి మొదలైంది 1914లో గనుక, గోడ లోపల అతుకుల్లో సిమెంటు కనబడితే ఆ భాగం చాలావరకు ఆ తరువాత కట్టినదై ఉంటుంది. ద్వారబంధం మీద ‘ప్రభవ’ అని చెక్కి ఉంటే తొందరపడవద్దు. అది 1867 కావచ్చు, 1927 కావచ్చు, అరవై ఏళ్ల చక్రం కదా. పెంకో, దస్తావేజో మరొక సాక్ష్యం కలిపి చూడాలి.

సిమెంటు వద్దనడానికి ఇంకొక కారణం ఇక్కడ ఉంది. సున్నపు పొరల కింద మూసేసిన గూళ్లు, పూడ్చిన గుమ్మాలు, వరద ఎక్కినప్పుడు గీసిన గీతలు, ధాన్యం బస్తాల లెక్కలు ఉంటాయి. సున్నాన్ని ఉలితో పొరపొరగా విప్పి చదువుకోవచ్చు. సిమెంటు ఊడేటప్పుడు కింది పొరలను కూడా అంటించుకుని ఊడుతుంది, ఇక అక్కడ చదవడానికి ఏమీ మిగలదు.

దూలాలు, కప్పు

ప్రతి దూలం చివరనూ, గోడలో దూరే చోట, చిన్న సుత్తితో కొట్టి వినాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, చివికినది బొదబొదమంటుంది. అనుమానం ఉంటే సన్నటి ఉలి దించి చూడాలి. అరంగుళం సులువుగా దిగితే ఆ రోజే కింద సరుగుడు బాదులు నిలబెట్టి, అడుగున పలక వేసి ఆనించాలి. దూలం నడుమ చూసి బాగుందనుకోవద్దు, చెడేది చివరే.

పెంకులు దించేటప్పుడు రెండు వాలుల నుంచి సమంగా దించాలి. ఒక పక్క అంతా దించేసి రెండో పక్క అలాగే ఉంచితే, బరువు ఒకవైపుకు తూగి వాసాలు పక్కకు ఒరుగుతాయి. వానలకు నెల కూడా గడువు లేదంటే కప్పు విప్పనే వద్దు.

మిగిలినవి గుర్తుకొచ్చిన వరుసలో రాస్తున్నాను.

మండువా తూము ఎక్కడికి పోతుందో కనుక్కుని, కడవ నీళ్లు పోసి చూడండి. అది పూడుకుపోతే కప్పు మీది వానంతా ఇంటి నడుమ నిలుస్తుంది.

బీట మీద సన్నటి గాజు ముక్క అతికించి తేదీ రాయండి. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టు, ఆ గదిలో పడుకోవద్దు.

సున్నం విరిచేటప్పుడు, అంటే కాల్చిన సున్నాన్ని నీళ్లలో వేసేటప్పుడు, అది సలసల కాగుతుంది. కళ్లద్దాలు లేకుండా, పిల్లలు దగ్గర ఉండగా విరవద్దు.

ఏళ్లుగా మూసిన గది తలుపులు తీసి ఒక పూట వదిలేయండి. గబ్బిలాల పెంటను పొడిగా ఊడ్చవద్దు, నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని తీయండి.

పాత కాగితాలకు లామినేషన్ చేయించవద్దు. రబ్బరు బ్యాండు వేయవద్దు. ఎండలో పరచవద్దు.

తాళపత్రాలు దొరికితే కట్ట విప్పకండి, ఇంట్లో నూనె ఏదీ రాయకండి, పొడిబట్టలో చుట్టి, తాళపత్రాలు భద్రపరిచే గ్రంథాలయం వారిని అడగండి. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది.

లంకెబిందెల కోసం తవ్వవద్దు. స్తంభం మొదట్లో మూడడుగుల గొయ్యి తీసి ఇంటికి ఇల్లే పోగొట్టుకున్నవారు ఉన్నారు. నిజంగా ఏదైనా దొరికితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన విలువ గలదేదైనా కలెక్టరుకు తెలియజేయాలి. దాస్తే వాటా పోతుంది, శిక్ష కూడా పడుతుంది.

చెక్కిన ద్వారబంధాలు, స్తంభాలు కొనడానికి వచ్చేవాడిని గుమ్మం బయటే నిలబెట్టండి. స్తంభం అమ్ముకున్న చోట ఇటుక స్తంభం కట్టిస్తానంటాడు. కట్టించడు.

ఫోను మీద పని చేయించవద్దు. గోడ ముట్టుకునే రోజున మీరు అక్కడ ఉండాలి.

పని మొదలయ్యే రోజు పొద్దున్నే వెళ్లి ట్రాక్టరులో ఏం దింపుతున్నారో చూడండి. ఇసుకతో పాటు సిమెంటు బస్తాలు దిగితే, వంట గదికని చెప్పినా, తులసికోట గట్టుకని చెప్పినా, మిగిలిన రెండు బస్తాలు ఎక్కడికి వెళ్తాయో మీరు ఊరు దాటిన తరువాత గోడ చూస్తే తెలుస్తుంది. బస్తాలు ట్రాక్టరు దిగకముందే వెనక్కి పంపండి.