విశాఖలో అద్దెకివ్వడానికి చిన్న ఇల్లు కొనేవారు చూసుకోవలసినవి

విశాఖపట్నంలో అద్దె రాబడి కోసం చిన్న ఫ్లాటో, రెండు పోర్షన్ల డాబాయో కొనదలచినవారు ఇళ్ళు చూడటానికి బయలుదేరే ముందే ఇంట్లో కూర్చొని ఒక లెక్క వేసుకోవాలి. 45 లక్షల రూపాయల ధర పలికే టూ బెడ్‌రూమ్ ఫ్లాటుకు నెలకు 14,000 రూపాయల అద్దె వస్తుందనుకుందాం. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం కలిపి 3,37,500 రూపాయలు కొన్ననాడే చెల్లిపోతాయి కాబట్టి అసలు పెట్టుబడి 48,37,500 రూపాయలు అవుతుంది. ఏడాదికి 1,68,000 రూపాయల అద్దె రావాలి గాని, ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటుందనీ, ఇంటి పన్నుకు 5,000, మరమ్మతులకు 12,000 రూపాయలు పోతాయనీ వేసుకుంటే మిగిలేది 1,37,000 రూపాయలు. పెట్టుబడి మీద ఇది నూటికి మూడు రూపాయలు కూడా కాదు. ఇదే ఫ్లాటును 36 లక్షల బ్యాంకు అప్పుతో, 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ళ గడువుతో కొంటే నెల వాయిదా 31,000 రూపాయలు దాటుతుంది. అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయని బ్రోకరు చెప్పే మాటను ఈ లెక్క పక్కన పెట్టుకొని వినాలి.

అద్దె ఇంత తక్కువ కాబట్టి మిగతా లాభమంతా ధర పెరగడం మీదే ఆధారపడుతుంది. పెరిగేది నేల ధరే గాని గోడల ధర కాదు. అందువల్ల ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులో అడిగి ఊరుకోకుండా, దస్తావేజులో అవిభాజ్య వాటా (భవనం ఉన్న నేలలో ఆ ఫ్లాటుకు వచ్చే భాగం) కింద ఎన్ని గజాల స్థలం రాశారో చదవాలి. ఒకే వీధిలో, ఒకే ధరకు, ఒకే విస్తీర్ణం గల రెండు ఫ్లాట్లలో ఒకదానికి 25 గజాలు, మరొకదానికి 45 గజాలు రాసి ఉంటే, మొదటిది ఎంత కొత్తదైనా రెండోదానినే ఎంచుకోవాలి. ఓపిక ఉన్నవారికి ఫ్లాటు కంటే పోర్షన్లుగా ఇచ్చుకోగల పాత డాబాయే మేలని నా అభిప్రాయం. ఒక పోర్షను ఖాళీ అయినా రెండో పోర్షను అద్దె ఆగదు, స్థలమంతా సొంతమే. అయితే మోటారు కాలినా, డ్రైనేజీ పొంగినా అసోసియేషన్ అంటూ ఉండదు, అన్నీ యజమానే చూసుకోవాలి.

ఇక ప్రాంతం. గాజువాక, కూర్మన్నపాలెం వైపు అద్దెకు వచ్చేవారు ఎక్కువగా ఫ్యాక్టరీల ఉద్యోగులు. మర్రిపాలెం, ఎన్ఏడీ కొత్త రోడ్డు చుట్టుపక్కల నేవీ, రైల్వే కుటుంబాలు. ఎండాడ, మధురవాడ వైపు ఐటీ ఉద్యోగులు, గీతం యూనివర్సిటీ విద్యార్థులు. నేవీ కుటుంబాలు బదిలీ ఉత్తర్వు రాగానే ఖాళీ చేస్తాయి గాని, అద్దె బకాయి పెట్టే బెడద తక్కువ. మధురవాడ దాటిన తరువాత ధరలు ప్రకటనలను పట్టుకొని పరుగెడుతున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ డేటా సెంటరు కోసం ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. నిజమే, కానీ డేటా సెంటరు కట్టడానికి కావలసినంతమంది దాన్ని నడపడానికి అక్కరలేదు. ప్రకటన చూసి కొన్న ఇంటికి అద్దెదారు వచ్చేదాకా వాయిదాలు కట్టే శక్తి ఎవరికి వారే అంచనా వేసుకోవాలి. కొనదలచిన వీధిలో సాయంత్రం పూట నడిచి టులెట్ బోర్డులు ఎన్ని ఉన్నాయో చూడటం, రెండు మూడు అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లను చివరిసారి ఖాళీ అయిన ఫ్లాటు ఎన్నాళ్ళకు నిండిందో అడగటం ఏ వెబ్‌సైటు చెప్పే అద్దె కంటే నమ్మదగినవి.

కాగితాల విషయంలో విశాఖకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి గ్రామాల భూములపై సింహాచలం దేవస్థానంతో ముడిపడిన పంచగ్రామాల వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. అక్కడ ఇల్లు చవకగా వస్తోందంటే ఆ చవకకు కారణం అదే అయి ఉంటుంది. కొండవాలు స్థలాల్లోనూ, శివారు గ్రామాల్లోనూ డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు, చేతులు మారుతుంటాయి గాని, వాటి బదిలీని 1977 నాటి చట్టం చాలావరకు నిషేధించింది. కాబట్టి సర్వే నంబరు 22-ఏ నిషిద్ధ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టికలో) ఉందేమో చూసిన తరువాతే బయానా మాట ఎత్తాలి. 30 ఏళ్ళ ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) లాయరుకు చూపించాలి. బయానాతో సహా 20,000 రూపాయలు, ఆపైన ఏ మొత్తాన్నీ నగదుగా ఇవ్వకూడదు. ధర 50 లక్షలకు చేరితే కొనేవారే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. మంజూరైన ప్లానులో లేని పై అంతస్తు ఫ్లాటును, ఎంత తగ్గించి ఇచ్చినా, తీసుకోకపోవడమే మంచిది, ఎందుకంటే రేపు అమ్మబోయినప్పుడు దానికి బ్యాంకు అప్పు పుట్టదు.

సముద్రం దగ్గరి ఇళ్ళను వేరే కంటితో చూడాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీల్లోని పాత అపార్ట్‌మెంట్లలో హాలుకు వేసిన కొత్త రంగును పట్టించుకోకుండా నేరుగా బాల్కనీలోకి వెళ్ళి సన్‌షేడు అడుగు భాగం చూడాలి. ఉప్పుగాలి ఇనుమును తినేటప్పుడు మొదట కమ్మీ పొడవునా సన్నని పగులు, దాని వెంట తుప్పు చార కనిపిస్తాయి. తరువాత పెచ్చు లేచి, వేలితో తట్టితే డొల్ల చప్పుడు వస్తుంది. అదే చప్పుడు మెట్ల దగ్గర శ్లాబులోనూ, టెర్రస్ మీద ట్యాంకు కింది దూలంలోనూ వినిపిస్తే అది ఒక్క ఫ్లాటు మరమ్మతు కాదు, భవనమంతటి ఖర్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పటి నుంచి భవనంలో ఏ కిటికీలు మార్చారో, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ ఎప్పుడు చేయించారో అసోసియేషన్ కార్యదర్శిని అడిగితే చాలా సంగతులు బయటపడతాయి. నీటి సంగతి మే నెలలో తెలుసుకోవాలి; జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి ఎంతసేపు వస్తుందో, ట్యాంకరు ఖర్చు ఎవరు భరిస్తున్నారో మెయింటెనెన్స్ పుస్తకంలోనే రాసి ఉంటుంది.

కొన్న తరువాత ఆదాయాన్ని ఎక్కువగా తినేసేది ఖాళీ నెలలే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని, మూఢమని కొత్త ఇంట పాలు పొంగించడానికి చాలామంది వెనుకాడతారు. నమ్మకం ఉన్నా లేకపోయినా యజమాని ఈ పంచాంగాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. ఆషాఢం మొదట్లో ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా అలాగే ఉండిపోవచ్చు. అందువల్ల 11 నెలల అగ్రిమెంటు బడులు తెరిచే జూన్‌కు ముందు, ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా రాసుకోవడం తెలివైన పని. పాతవారు తొందరగా వెళ్ళదలిస్తే అర నెల అద్దె వదులుకొనైనా ఆ తేదీలకు సర్దుబాటు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గడువు ఏడాదిలోపే అయినా అగ్రిమెంటును రిజిస్టరు చేయించాలని చట్టం చెబుతోంది. అద్దె ఎప్పుడు, ఎంత పెరుగుతుందో, నోటీసు ఎన్ని రోజులో, రంగుల ఖర్చు ఎవరిదో అందులోనే ఉండాలి. అడ్వాన్సు తీసుకున్న రోజునే గోడలు, స్విచ్‌బోర్డులు, గీజరు, కుళాయిలు ఫోనులో వీడియో తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకుంటే, ఖాళీ చేసే నాటి వాదన సగం తగ్గుతుంది. ఆధార్ నకలు తీసుకొని, అద్దెదారు వివరాలు దగ్గరి పోలీస్ స్టేషనులో ఇవ్వాలి.

అద్దె బ్యాంకు ఖాతాలోకే రావాలి. ఆదాయపు పన్ను లెక్కలో అద్దె నుంచి ఆ ఏడాది కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల పేరిట రసీదులు చూపకుండానే మినహాయింపు వస్తుంది. గృహరుణ వడ్డీ అదనం. ఇంటి పన్ను రసీదు యజమాని పేరు మీద ఉండాలి, కాబట్టి కొన్న వెంటనే జీవీఎంసీలో పేరు మార్పిడి, ఈపీడీసీఎల్‌లో కరెంటు సర్వీసు బదిలీ చేయించుకోవాలి. కరెంటు బిల్లు అద్దెదారే కట్టుకుంటాడు గాని, ఖాళీ చేసే రోజున మీటరు రీడింగు ఇద్దరూ చూసి, చివరి బిల్లు మినహాయించి, మిగిలిన అడ్వాన్సును తాళాలు చేతికి వచ్చిన రోజునే తిరిగి ఇచ్చేయాలి. అలా ఇచ్చే యజమానికి తరువాతి అద్దెదారును చాలాసార్లు వెళ్ళిపోయేవారే తెచ్చిపెడతారు, బ్రోకరుకు ఇవ్వవలసిన ఒక నెల అద్దె కమీషను కూడా మిగులుతుంది.