పిల్లి ఎలకల్ని, పిట్టల్ని ఇంట్లోకి తెచ్చీస్తోందా? ముందు ఏటి తెచ్చిందో చూడండి

మా శ్రీకాకుళం వైపు కోతలైపోయి ధాన్యం ఇళ్లకి చేరిందంటే ఎలకలు కూడా వెనకాలే వచ్చీస్తాయి, ఎలకలొచ్చేక పిల్లి ఊరుకోదు కదా. ఇంక పొద్దున్న లేస్తే గుమ్మంలో ఓ తోక, పక్కన చిన్న పేగు ముక్క, ఇంట్లో వాళ్ల కేకలు. చీపురు పట్టుకుని తరమడం, "నీకు తిండి పెట్టట్లేదేటే" అని తిట్టడం, ఇవేవీ పనిచెయ్యవు. తెచ్చింది ఏటి, బతికుందా చచ్చిందా, తినీసిందా వదిలీసిందా, ఇవి చూస్తే మీరు చెయ్యాల్సింది సగం తెలిసిపోద్ది.

సమస్య: కడుపునిండా పెడుతున్నా వేట మానట్లేదు

కారణం: పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. ఆకలేస్తే ఇంకా గట్టిగా వేటాడుతాది, నిజమే, కానీ కడుపు నిండినా ఎదురుగా ఏదైనా కదిలితే దూకకుండా ఉండలేదు. చాలామంది అది మనకి బహుమతి తెచ్చిందంటారు, నాకైతే అది మన మురిపెమే అనిపిస్తాది. దానికి భయం లేని చోటు మన ఇల్లు, అందుకే దొరికింది ఇక్కడికి లాక్కొస్తాది. పిల్లల తల్లయితే సంగతి వేరు, అది ముందు చచ్చినవి, తర్వాత కొనప్రాణంతో ఉన్నవి తెచ్చి పిల్లలకి వేట నేర్పుతాది, దాన్ని ఆపాలని చూడకండి.

ఇంకో సంగతి, మీకు కనిపించేది కొంచెమే. అమెరికాలో జార్జియా యూనివర్సిటీ వాళ్లు పెంపుడు పిల్లుల మెడకి చిన్న కెమెరాలు కట్టి చూసి 2012లో లెక్క చెప్పేరు, పట్టినవాటిలో ఇంటికి తెచ్చింది 23 శాతమే, దాదాపు సగం పట్టిన చోటే వదిలీసేయి. అంటే గుమ్మంలో ఒకటి కనపడితే పెరట్లో ఇంకెన్నో.

ఏటి చెయ్యాలి: తిండి పెంచడం కాదు, తిండి మార్చండి. మన ఇళ్లల్లో పిల్లికి పెట్టేది పెరుగన్నం, పాలన్నం, ఎప్పుడైనా ఓ చేప తలకాయ. పిల్లికి మాంసం లేకపోతే ఒళ్లు నిలవదు, అన్నంతో కడుపు నిండుద్ది గానీ కావాల్సింది అందదు. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 2021లో తేల్చిందేటంటే, మాంసం ఎక్కువున్న తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గింది. కాబట్టి ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్, ముల్లు తీసిన చేప, గుడ్డు పెట్టండి. పులుసులో ముక్కలు వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. ఆటకి పెద్ద ఖర్చేటీ లేదు, పురికొసకి కోడి ఈక కట్టి సాయంత్రం దీపాలు పెట్టే వేళ నేలమీద ఈడ్చండి, మధ్యలో దానికి దొరకనివ్వండి, ఆట అవగానే తిండి పెట్టీండి. వేట, పట్టుకోవడం, తినడం, పడుకోవడం, దాని వరస అదే.

సమస్య: మువ్వ కట్టినా పిట్టల్ని పట్టీస్తోంది

పిల్లి మెడలో గంట ఎవరు కడతారు అని సామెత ఉంది గానీ కట్టేక కూడా గ్యారంటీ ఏటీ లేదు. కొన్ని పరిశోధనల్లో పనిచేసింది, ఎక్సెటర్ వాళ్ల దాంట్లో తేడా కనపళ్లేదు. అదే పరిశోధనలో మెడపట్టీ మీద కొట్టొచ్చే రంగుల గుడ్డ తొడిగితే పిట్టల వేట 42 శాతం తగ్గింది, పిట్టలకి రంగు దూరం నుంచే తెలుస్తాది కాబట్టి. ఎలకల మీద ఇది పనిచెయ్యదు. పట్టీ మాత్రం గట్టిగా లాగితే ఊడిపోయేదే కొనండి, లేదంటే కొమ్మకి తగులుకుని ఉరి పడిపోద్ది.

అన్నిటికన్నా సులువైంది తెల్లారగట్ల, పొద్దుగూకే వేళ బయటికి వదలకపోవడం. టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి లాంటి ఊళ్లల్లో కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి, పిల్ల జారి కింద పడితే పిల్లికి కష్టపడక్కర్లేదు. అక్కడివాళ్లు గూళ్ల సీజన్లో పిల్లిని ఇంట్లోనే ఉంచితే మంచిది.

పిట్ట బతికుంటే కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో పెట్టి మూసీండి, చీకటిగా ఉంచండి, నోట్లో నీళ్లు పొయ్యకండి. పైకి దెబ్బ కనపడకపోయినా పిల్లి పంటి గాటు పడితే ఆ సూక్ష్మక్రిములకి ఒకట్రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు, అందుకే ఎగిరిపోద్దిలే అని వదిలీకుండా డాక్టరుకి చూపించండి.

సమస్య: బతికున్న ఎలకని తెచ్చి ఇంట్లో వదిలీసింది, అది బీరువా కిందకి దూరింది

ముందు పిల్లిని వేరే గదిలో పెట్టీండి, లేదంటే సామాన్లన్నీ పడేస్తాది. ఎలక గోడ వారనే పరిగెడతాది కాబట్టి గోడకి ఆనించి ఓ పీవీసీ పైపు ముక్క పెట్టండి, రెండో వైపు నుంచి కర్రతో చప్పుడు చెయ్యండి, పైపులోకి దూరగానే రెండు కొసలూ గుడ్డతో మూసీసి బయట వదిలీండి. చుంచైతే పిల్లి చంపుతాది గానీ కంపుకి తినదు, అలాగే వదిలీస్తాది, ఆ వాసన మీ పనే.

సమస్య: ఎలక తిన్న తర్వాత పిల్లి నీరసంగా ఉంది, చిగుళ్లు తెల్లబడ్డాయి

ఇక్కడ ఆలస్యం చెయ్యొద్దు. పక్క పొలంలోనో పక్కింట్లోనో ఎలకల మందు పెట్టి ఉంటారు. బ్రోమడియోలోన్ లాంటిదైతే రక్తం గడ్డకట్టదు, లక్షణాలు వెంటనే కాదు, కొన్ని రోజులకి బయటపడతాయి. దీనికి విటమిన్ కె1 మందుంది, వారాల తరబడి వాడాలి, కానీ డాక్టరు చెప్పిన లెక్కలోనే. జింక్ ఫాస్ఫైడ్ అయితే తొందరగా వాంతులవుతాయి, వెల్లుల్లి వాసన రావచ్చు, అప్పుడు పాలు, పెరుగు పట్టించకండి, కడుపులో గ్యాసు ఇంకా పెరుగుద్ది. కక్కిన చోట తలుపులు, కిటికీలు తీసీండి. పక్కవాళ్లని అడిగి మందు ప్యాకెట్టు పట్టుకెళ్లండి, పశువుల డాక్టరుకి అదే పెద్ద సాయం. వానాకాలంలో నోట్లోంచి నురగే వస్తూ మిగతా బాగుంటే, ఒంటిమీద బుడిపెలుండే కప్పని కరిచి ఉండొచ్చు, తడిగుడ్డతో నోరు తుడిచీండి, తగ్గకపోతే డాక్టరే.

సమస్య: పాముని తెచ్చింది

చచ్చినట్టున్నా చెయ్యి పెట్టకండి, తల తెగిన పాము కూడా కాసేపు కరవగలదు. నల్లటి ఒంటిమీద తెల్ల చారలుంటే కట్లపామనుకోండి, దాని కాటు పెద్ద నొప్పి ఉండదు, అదే దాని ప్రమాదం. పిల్లల్ని బయటికి పంపీసి తలుపు వేసి కింద సందులో గుడ్డ కుక్కండి, పాములు పట్టే వాళ్లని పిలవండి. మనిషికి కాటు పడితే 108, నాటుమందు జోలికెళ్లొద్దు. పిల్లి తూలుతున్నా, కళ్లు మూతలు పడుతున్నా, చొంగ కారుతున్నా తెల్లారేదాకా ఆగకండి.

మిగిలినవి

ఎలకలు తినే పిల్లికి ఏలికపాములు, నులిపురుగులు కడుపులో ఉంటూనే ఉంటాయి, మూడు నెలలకోసారి బరువుని బట్టి మందు వేయించండి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లుంటే పిల్లి మలం వాళ్లచేత ఎత్తించొద్దు, ఎలకల నుంచి పిల్లికొచ్చే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మక్రిమి కడుపులో బిడ్డకి ప్రమాదం. చచ్చినవాటిని ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని తీయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. నోట్లోది లాక్కోబోయి పిల్లి కరిస్తే గాయాన్ని ధారగా పడే నీళ్లతో సబ్బు పెట్టి 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికెళ్లి రేబిస్ ఇంజెక్షన్ సంగతి అడగండి.