తలనొప్పి భయం ఉన్నవాళ్ళు ఇంట్లో వైన్ చేసుకోవాలంటే

రెడ్ వైన్ ఒక గ్లాసు తాగితే చాలు అరగంటలో కణతలు లాగేస్తాయి అనేవాళ్ళు చాలామంది, నాదీ అదే బాధ. సీసా మీద "సల్ఫైట్స్ ఉన్నాయి" (వైన్ పాడవకుండా కలిపే గంధకపు పదార్థాలు) అని రాసుంటుంది కాబట్టి తప్పంతా దానిదే అనుకుంటాం. నేనూ ఏళ్ళ తరబడి అదే నమ్మి, ఏమీ కలపకుండా ఇంట్లోనే చేసుకుందామని మొదలుపెట్టా. మూడో నెలకి జాడీ మూత తీస్తే పైన తెల్లటి పొర, కళ్ళు మండేంత వెనిగర్ వాసన, మొత్తం పారబోశా. ఆ తర్వాతే కూర్చుని అసలు విషయం చదివా.

సల్ఫైట్ అస్సలు లేని వైన్ దాదాపు ఉండదు, ఎందుకంటే పులిసేటప్పుడు ఈస్టే కొంచెం తయారుచేస్తుంది. యూరప్‌లో మామూలు రెడ్‌కి లీటరుకి 150 మిల్లీగ్రాముల వరకు, వైట్‌కి 200 వరకు అనుమతి, అంటే వైట్‌కే ఎక్కువ, కానీ జనం తలనొప్పి అని తిట్టేది మాత్రం రెడ్‌ని. ఎండు ఆప్రికాట్లలో ఇంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది, అవి తిని తల పట్టుకున్నవాళ్ళని నేనైతే చూళ్ళేదు. ఆస్తమా ఉన్నవాళ్ళ సంగతి వేరు, కొందరికి సల్ఫైట్ వల్ల నిజంగానే ఊపిరాడదు, వాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది.

మరి తలనొప్పి దేనివల్ల? మొదటి అనుమానం ఆల్కహాల్ మీదే. తర్వాత హిస్టమిన్, అంటే అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యే పదార్థమే, ఇది బ్యాక్టీరియా చేరిన వైన్‌లో పెరుగుతుంది. ఇంకోటి క్వెర్సెటిన్, ద్రాక్ష తొక్కలో ఉండే పదార్థం, ఎండ బాగా తగిలిన పండులో ఎక్కువ. ఆల్కహాల్ విరిగినప్పుడు వచ్చే అసిటాల్డిహైడ్ అనే చెడు పదార్థాన్ని శరీరం విడగొట్టి వదిలించుకోకుండా ఇది అడ్డుపడుతుందేమో అని 2023లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు ఒక పేపర్ వేశారు. అది ల్యాబ్‌లో ఎంజైమ్ మీద చూసినదే, మనుషుల మీద ఇంకా తేల్చలేదు, అయినా మనం చేసుకునేదాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవడంలో పోయేదేమీ లేదు కదా.

కాబట్టి నేను ఇప్పుడు చేసేది తొక్కతో తక్కువసేపు ఉంచే లేత గులాబీ రంగు వైన్. 5 లీటర్లకి 8 కిలోల దాకా నల్లద్రాక్ష పడుతుంది. కుళ్ళినవి, పగిలినవి ఒక్కటి కూడా ఉంచకండి, ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏం చేసినా లాభం లేదు. గిన్నెలు, గరిటెలు, గొట్టం అన్నీ శుభ్రంగా కడిగి శానిటైజ్ చేయాలి. పళ్ళు చేత్తో చిదిమి, గింజలు నలక్కుండా చూస్కోండి (చేదొస్తుంది), ఫ్రిజ్‌లో 6 గంటలు పెట్టి గుడ్డలో వేసి పిండేయండి. నా మొదటి జాడీలా పాడవకుండా ఆ 5 లీటర్ల రసంలో అర గ్రాము పొటాషియం మెటాబైసల్ఫైట్ (సల్ఫైట్ ఇచ్చే పొడి) కలిపితే లీటరుకి సుమారు 57 మిల్లీగ్రాముల సల్ఫైట్ పడుతుంది. కంటి అంచనాతో మాత్రం వేయకండి, చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి, చిటికెడు అంటే ఒకరికి అర గ్రాము ఇంకొకరికి రెండు.

పైన గుడ్డ కప్పి ఒక రోజు వదిలేసి, హైడ్రోమీటర్ (రసంలో తేలుతూ తీపి ఎంతుందో అంకెలో చూపే గాజు గొట్టం) ముంచి చూడండి, 1.080 ఉంటే దాదాపు 11 శాతం ఆల్కహాల్ వస్తుంది, నాకు అంతే చాలు. తక్కువ ఉంటే ఒక్క శాతానికి లీటరుకి 17 గ్రాముల పంచదార లెక్కన కలపండి. వైన్ ఈస్ట్ ఒకటి రెండు గ్రాములు గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టి పోయండి. బ్రెడ్ ఈస్ట్ వద్దు, పని చేస్తుంది గానీ రుచి పాడవుతుంది. జాడీలో పావు వంతు ఖాళీ వదిలి ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని రానివ్వని మూత) పెట్టి 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంచండి. రెండో రోజు చెవి ఆనిస్తే సన్నగా సుయ్‌మని వినిపిస్తుంది, నాకైతే ఆ చప్పుడు వినేదాకా నిద్ర పట్టదు.

రెండు మూడు వారాలకి బుడగలు తగ్గాక హైడ్రోమీటర్ అంకె 0.995 దగ్గర మూడు రోజులు వరసగా కదలకుండా ఉంటే అయినట్టే. అడుగున మడ్డి కదలకుండా గొట్టంతో పైది వేరే జాడీలోకి తీయండి, నీళ్ళు పోసినట్టు పైనుంచి పోస్తే గాలి కలిసి పాడవుతుంది, జాడీ మెడ దాకా నింపండి. ఇప్పుడు ఇంకో పావు గ్రాము మెటాబైసల్ఫైట్. రెండు మూడు నెలల్లో దానంతటదే తేరుకుంటుంది, గుడ్డు తెల్లసొన, పాల కేసిన్ లాంటివి వేసి తేర్చాల్సిన అవసరం రాదు, వాటితో అలర్జీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే అసలే వద్దు. తీపి కావాలంటేనే పొటాషియం సార్బేట్ (పంచదార కలిపాక మళ్ళీ పులవకుండా ఆపే పొడి) గురించి ఆలోచించండి. ఇంకా పులుస్తుండగానే సీసాల్లో బిగిస్తే సీసా పేలిపోతుంది, తొందరపడకండి. అన్నట్టు మీరుండే చోట ఇంట్లో చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా లేదా అన్నది మొదలుపెట్టకముందే కనుక్కోండి.

సీసా మీద తొక్కతో ఎన్ని గంటలు, సల్ఫైట్ ఎన్ని గ్రాములు, ఆల్కహాల్ ఎంత అని రాసి అంటించండి. మొదటిసారి కడుపు నిండా తిని, పక్కన నీళ్ళు పెట్టుకుని అర గ్లాసే తాగి చూడండి, మళ్ళీ బ్యాచ్‌లో ఒక్కటే మార్చండి, రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలీదు. ఇంత చేసినా అర గ్లాసుకే తల పగిలిపోతుంటే వైన్ మానేసి డాక్టర్‌కి చూపించుకోండి, అది మైగ్రేన్ కావచ్చు.