గుండె పెద్దదైందన్నారు, మందులు వాడినా దగ్గు తగ్గట్లేదు: రెండో డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు

"మా కుక్కకు గుండె పెద్దదైందన్నారు అక్కా, మంచి స్పెషలిస్టు ఎవరున్నారు?" నాకు ఇలాంటి ఫోన్లు తరచూ వస్తుంటాయి. నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను. నావీ, ఇరుగుపొరుగు వాళ్లవీ కలిపి చాలా కుక్కల్ని గుండె పరీక్షలకు తిప్పాను. ఫోన్ చేసిన వాళ్లను ముందు ఒకటే అడుగుతాను: నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది? దాదాపు ఎవరూ చెప్పలేరు. ఎక్స్‌రే ఉంటుంది, మూడు రకాల మాత్రలుంటాయి, రక్తపరీక్షల ఫైలుంటుంది. పైసా ఖర్చు లేని ఈ లెక్క మాత్రం ఉండదు.

అన్నిటికన్నా ముందు: నిద్రలో శ్వాస లెక్క

కుక్క గాఢంగా నిద్రపోయాక పక్కన కూర్చోండి. పక్కటెముకలు పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. కలగంటూ కాళ్లు కొట్టుకుంటున్నప్పుడూ, ఎండకు నాలుక బయటపెట్టి రొప్పుతున్నప్పుడూ లెక్కపెట్టొద్దు. మూడు రాత్రులు చూసి తేదీతో రాసుకోండి, ఒకసారి ఫోన్‌లో వీడియో కూడా తీయండి.

నిమిషానికి 30 లోపు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉండే అవకాశం తక్కువ. నిదానంగా మంచి డాక్టర్ని వెతుక్కునే సమయం మీకుంది. మళ్లీ మళ్లీ 30 దాటుతుంటే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 40 దాటినా, పడుకోలేక మెడ చాచి మోచేతులు ఎడంగా పెట్టి కూర్చున్నా, చిగుళ్లు తెల్లగానో నీలంగానో మారినా రెండో అభిప్రాయం సంగతి పక్కన పెట్టండి. ఆక్సిజన్ ఉన్న దగ్గర్లోని ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లండి.

సమస్య: గుండె మందులు వాడుతున్నా దగ్గు అలాగే ఉంది

నాకు గట్టి దెబ్బ తగిలింది ఇక్కడే. మా చిట్టి పొమేరియన్. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు, ఉండాల్సిన దానికన్నా బాగా లావు. గేటు చప్పుడైతే దగ్గు, నీళ్లు తాగితే దగ్గు, మెడ బెల్టు లాగితే దగ్గు. డాక్టర్ గారు స్టెతస్కోపు పెట్టి మర్మర్ (గుండె చప్పుడులో అదనపు శబ్దం) ఉందన్నారు, ఎక్స్‌రే చూసి గుండె పెద్దదైందన్నారు. లాసిక్స్ (ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే మందు), ఎనలాప్రిల్ (గుండె మీద భారం తగ్గించే మందు) మొదలయ్యాయి. దగ్గు తగ్గలేదు, లాసిక్స్ పెంచారు. అయినా తగ్గలేదు.

అప్పుడు నేను రెండో అభిప్రాయం అడిగాను, అడిగిన తీరు తప్పు. ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని ఫొటో తీశాను. పాత చీటీ జత చేసి, "గుండె పెద్దదైంది, దగ్గు తగ్గట్లేదు" అని రాసి వేరే ఊళ్లోని డాక్టర్‌కి పంపాను. ఆయన ఇంకో మాత్ర కలిపారు. ఆయనకు నేను పంపింది కుక్కను కాదు, మొదటి డాక్టరు నిర్ణయాన్ని. దాని మీద ఆయన ఇచ్చింది రెండో అభిప్రాయం ఎలా అవుతుంది?

కొన్ని నెలలకు చిట్టి తిండి మానేసింది, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగేది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగింది. అప్పుడు ఎకో (గుండె స్కాన్) చేసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పాత చీటీ చదవకుండా పక్కన పెట్టి, ముందు ఒరిజినల్ ఎక్స్‌రే అడిగారు. చూసి, "ఇది ఊపిరి వదిలినప్పుడు తీసింది" అన్నారు. ఊపిరి వదిలినప్పుడు తీస్తే ఊపిరితిత్తులు ముడుచుకుని మసకగా, నీరు చేరినట్టు కనిపిస్తాయి, గుండె ఉన్నదానికన్నా పెద్దగా అనిపిస్తుంది. లావు కుక్కల్లో గుండె చుట్టూ ఉన్న కొవ్వు కూడా గుండెలో భాగంలాగే కనిపిస్తుంది. ఎకోలో ఎడమ కర్ణిక (గుండెలో ఎడమ వైపు పై గది) మామూలుగానే ఉంది. తర్వాత ఊపిరి పీల్చినప్పుడొకటి, వదిలినప్పుడొకటి, మెడ కూడా పడేలా రెండు ఎక్స్‌రేలు తీశారు. వదిలినప్పటి దాంట్లో శ్వాసనాళం నొక్కిన గొట్టంలా అణిగిపోయి ఉంది. దగ్గుకు కారణం అదీ.

ఇది ఎందుకు దొరకదంటే, మర్మర్ అబద్ధం కాదు. చిట్టికి మైట్రల్ కవాటం (గుండెలో ఎడమ వైపు గదుల మధ్య తలుపు) కొంచెం లీకవుతోంది, అది నిజం. శ్వాసనాళం బలహీనపడింది, అదీ నిజం. వయసు మళ్లిన చిన్న జాతి కుక్కల్లో ఈ రెండూ కలిసి ఉండటం మామూలే. చెవికి వినిపించింది మర్మర్ కాబట్టి దగ్గును దాని ఖాతాలో వేసేస్తాం.

ఇంట్లోనే కొన్ని గుర్తులు పట్టొచ్చు. శ్వాసనాళం దగ్గు పొడిగా, బాతు అరిచినట్టు వస్తుంది, ఉత్సాహం వచ్చినప్పుడు ఎక్కువవుతుంది. నిద్రలో శ్వాస లెక్క మామూలుగా ఉంటుంది, కుక్క తరచుగా లావుగా ఉంటుంది. గుండె విఫలమవుతున్న కుక్క చిక్కిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది, శ్వాస లెక్క ఎక్కుతుంది. నీరు చేరడం వల్ల వచ్చిన ఆయాసమైతే లాసిక్స్‌తో ఒకటి రెండు రోజుల్లో ఆ లెక్క దిగడం కనిపిస్తుంది. వారాల తరబడి లాసిక్స్ వాడినా దగ్గులో మార్పు లేదంటే అసలు ఊపిరితిత్తుల్లో నీరు ఉందా అని అడగాల్సిందే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఎడమ కర్ణిక నిజంగానే బాగా పెరిగి పక్కనున్న శ్వాసనాళాన్ని నొక్కినా దగ్గు వస్తుంది. ఏది ఏదో తేల్చడానికే ఎకో.

చిట్టికి డాక్టర్ గారు లాసిక్స్ మెల్లగా తగ్గించి ఆపారు. బరువు తగ్గించాం, మెడ బెల్టు తీసి ఛాతీకి హార్నెస్ వేశాం, ఇంట్లో సాంబ్రాణి పొగ, దోమల చక్రం మానేశాం. దగ్గు పూర్తిగా పోలేదు గానీ రాత్రుళ్లు హాయిగా పడుకుంటోంది. కిడ్నీ పూర్తిగా మామూలు కాలేదు, ఆ బాధ నాకు పోదు.

ఎక్స్‌రే మీద "గుండె పెద్దది" అని రాసి ఉంటే వీహెచ్ఎస్ ఎంతో అడగండి. గుండె పొడవు, వెడల్పు కలిపి ఎన్ని వెన్నుపూసలకు సమానమో చెప్పే కొలత ఇది. చాలా కుక్కల్లో 10.5 దాకా మామూలే. పగ్, పొమేరియన్, లాబ్రడార్, బాక్సర్ లాంటి జాతుల్లో ఆరోగ్యంగా ఉన్నా అంతకన్నా ఎక్కువ రావచ్చు. అంకె లేకుండా కంటితో చూసి చెప్పిన మాట మీద జీవితాంతం మందులు మొదలుపెట్టకూడదు.

సమస్య: మర్మర్ ఉందన్నారు, కుక్క మాత్రం హుషారుగా ఉంది

టెన్షన్ పడొద్దు, ఎకో మాత్రం చేయించండి. కవాటం లీకైనా గుండె పెరగకపోతే దాన్ని బీ1 దశ అంటారు. ఆ దశలో మందులు అక్కర్లేదు, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూపిస్తే చాలు. గుండె పెరిగితే బీ2. ఎకోలో ఎడమ కర్ణికకూ బృహద్ధమనికీ (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) నిష్పత్తి 1.6 లేదా అంతకన్నా ఎక్కువ ఉండటం అందులో ముఖ్యమైన కొలత. బీ2లో పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడితే గుండె విఫలమయ్యే రోజు సగటున పదిహేను నెలలు వెనక్కి జరిగిందని 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనంలో తేలింది. బీ1కీ బీ2కీ తేడా స్టెతస్కోపుతో తెలియదు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే.

సమస్య: పెద్ద కుక్క, మర్మర్ లేదు, కానీ కళ్లు తిరిగి పడిపోయింది

డాబర్‌మన్, గ్రేట్ డేన్, బాక్సర్ అయితే ఎకోతో పాటు 24 గంటల హోల్టర్ (ఒంటికి కట్టి రోజంతా గుండె లయను నమోదు చేసే పరికరం) అడగండి. డాబర్‌మన్లలో ఎకో బాగున్నా లయ తప్పుతుండవచ్చు, క్లినిక్‌లో తీసే రెండు నిమిషాల ఈసీజీకి అది దొరక్కపోవచ్చు. ఏం తిండి పెడుతున్నారో కూడా చెప్పండి, ముఖ్యంగా ధాన్యం లేని ప్యాకెట్ ఫుడ్ అయితే.

మిగతావి త్వరగా. పిడుదుల జ్వరంతో రక్తం తగ్గినా మర్మర్ వినిపిస్తుంది, రక్తం కోలుకుంటే పోతుంది. కాబట్టి సీబీసీ (రక్తకణాల పరీక్ష) చేయించకుండా ఎకోకి పరిగెత్తొద్దు. పిల్ల కుక్కల్లో మెత్తని మర్మర్ చాలాసార్లు ఆరు నెలల్లోపు తనే పోతుంది, గట్టిగా ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. గుండె పురుగు గురించి చాలా మంది అడుగుతారు. అది మన దేశంలో ఎక్కువగా ఈశాన్యంలో కనిపించే జబ్బు. కుక్క అటువైపు నుంచి వచ్చిందైతే చెప్పండి, లేకపోతే మొదటే దాని వెంట పడక్కర్లేదు.

రెండో డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్లాలి

ఎక్స్‌రే ఒరిజినల్ ఫిల్ము, డిజిటల్ అయితే సీడీ లేదా అసలు ఫైలు. ఎకో ముందే అయి ఉంటే కొలతలున్న రిపోర్టు, వీలైతే వీడియోలు. కిడ్నీ, పొటాషియం రిపోర్టులు. శ్వాస లెక్కలు రాసిన కాగితం, దగ్గు వీడియో. మందుల పేర్లు, ఎంత, ఏ టైముకు, ఎప్పటినుంచి. మొదటి నిర్ణయాన్ని మీ నోటితో చెప్పకండి. "గేటు చప్పుడైతే దగ్గుతోంది, రాత్రి 22 సార్లు ఊపిరి తీస్తోంది" అని చూసింది చూసినట్టు చెప్పండి.

హైదరాబాద్ వాళ్లకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, ఆంధ్రలో తిరుపతి, గన్నవరం కాలేజీల ఆస్పత్రులు ఉన్నాయి. నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లకు చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ కూడా దగ్గరే. ఎక్కడికెళ్లినా ముందు ఫోన్ చేసి ఎకో ఏ రోజుల్లో చేస్తారో, చేసేది ఎవరో కనుక్కోండి. ఎకో మిషను ఉన్నంత మాత్రాన గుండె ఎకో రోజూ చేస్తున్నారని కాదు.

అనుమానం వచ్చింది కదా అని లాసిక్స్ మీరే ఆపేయకండి. నిజంగా నీరు చేరుతున్న కుక్కకైతే ఒకటి రెండు రోజుల్లోనే ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. పరీక్ష రోజున కూడా మందులు ఎప్పటిలాగే వేసి, చివరి మాత్ర ఎన్ని గంటలకు వేశారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.