మార్కో పోలో ప్రయాణాన్ని పిల్లలకు పరిచయం చేయడం ఎలా?

తొమ్మిది నుండి పన్నెండేళ్ల పిల్లలకు మార్కో పోలో గురించి చెప్పేటప్పుడు, 1254లో వెనిస్‌లో పుట్టాడు, 1324లో మరణించాడు అని మొదలుపెడితే వారి ఆసక్తి అక్కడే చల్లబడుతుంది. ఆ వయసు వారికి 1269వ సంవత్సరం దగ్గర కథ ఎత్తుకోవడం మేలు. అప్పుడు మార్కోకు పదిహేనేళ్లు. తల్లి లేదు. ఏళ్ల తరబడి తూర్పు దేశాలలో వ్యాపారం చేస్తూ, మంగోలు చక్రవర్తి కుబ్లయ్ ఖాన్ కొలువు దాకా వెళ్లిన తండ్రి నికోలో, తండ్రి సోదరుడు మాఫియో ఆ సంవత్సరమే ఇంటికి చేరారు. నూరుగురు పండితులను, జెరూసలేంలో క్రీస్తు సమాధి వద్ద వెలిగే దీపంలోని నూనెను తెచ్చిపెట్టమని చక్రవర్తి వారిని కోరి పంపాడు. 1271లో వారు మళ్లీ బయలుదేరినప్పుడు పదిహేడేళ్ల మార్కో కూడా వెంట వెళ్లాడు. నూనె దొరికింది గాని, నూరుగురికి బదులు ఇద్దరే మతగురువులు దొరికారు. ఆ ఇద్దరూ దారిలో యుద్ధభయంతో వెనక్కి తిరిగిపోయారు. ఈ ముక్క పిల్లలు ఎప్పటికీ మరచిపోరు.

తరువాత పటం తెరవాలి. నేటి దేశాల సరిహద్దులున్న రాజకీయ పటం కన్నా కొండలు, ఎడారులు, సముద్రాలు కనిపించే భౌగోళిక పటం ఈ పనికి తగినది. ఆ ప్రయాణాన్ని నిర్ణయించినవి అవే. వెళ్లిన దారిని ఒక రంగుతోనూ, తిరిగివచ్చిన దారిని మరో రంగుతోనూ పిల్లలచేతనే గీయించాలి. వెళ్లేటప్పుడు పర్షియా (నేటి ఇరాన్) తీరంలోని హోర్ముజ్ రేవు చేరాక ఎందుకు ఓడ ఎక్కలేదో వారిని ఊహించమనండి. అక్కడి ఓడలను ఇనుప మేకులతో కాక కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి కట్టేవారని, వాటిలో ప్రయాణం ప్రమాదకరమని మార్కో రాయించాడు. అందువల్ల ముగ్గురూ నేల దారినే పట్టి, బదక్షాన్, పామీర్, కాష్గర్, ఖోతాన్ మీదుగా సుమారు మూడున్నరేళ్లకు చక్రవర్తి వేసవి రాజధాని షాంగ్డూ చేరారు. తిరుగు దారి మాత్రం ఎక్కువగా సముద్రం మీదనే సాగింది. 1292 ప్రాంతంలో, పర్షియాను పాలిస్తున్న అర్గూన్ ఖాన్‌కు ఇచ్చి పెళ్లి చేయవలసిన కొకచిన్ అనే రాకుమార్తెను వెంటబెట్టుకొని, పద్నాలుగు ఓడలతో చైనాలోని చ్వాన్‌జౌ రేవు నుండి బయలుదేరారు. అనుకూలమైన గాలుల కోసం సుమత్రాలో ఐదు నెలలు ఆగవలసి వచ్చింది. రుతుపవనాల పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

మార్కో చెప్పి రాయించిన పుస్తకంలోని ప్రతి ఊరినీ చెప్పబోవడం వృథా. అవి వందల సంఖ్యలో ఉంటాయి, వర్ణనలు చాలావరకు ఒకే మూసలో సాగుతాయి. నాలుగైదు చోట్లు ఎంచుకొని అక్కడ నిలబడాలి. వాటిలో పామీర్ పీఠభూమిని వదలకూడదు. అక్కడ నిప్పు మునుపటిలా మండదని, వంట సరిగా ఉడకదని మార్కో గమనించాడు, అందుకు చలి కారణమని భావించాడు. గాలి పలచబడడం అసలు కారణం: నాలుగు వేల మీటర్ల ఎత్తున నీరు సుమారు 87 డిగ్రీలకే మరుగుతుంది. గమనిక సరైనదై వివరణ తప్పు కావచ్చునని పిల్లలకు ఇక్కడ ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది. రెండవది కుబ్లయ్ ఖాన్ రాజ్యంలోని కాగితపు డబ్బు. మల్బరీ చెట్టు లోపలి బెరడుతో కాగితం చేసి, ముక్కలుగా కోసి, వాటిపై అధికారులు సంతకాలు పెట్టి ఎర్రని ముద్ర వేసేవారు. చిరిగిన నోటును ఇస్తే నూటికి మూడు వంతులు తగ్గించుకొని కొత్తది ఇచ్చేవారు. దొంగనోటు చేసినవాడికి మరణశిక్ష. తరగతిలో ఒక గంటపాటు ఇలాంటి నోట్లతో బజారు నడిపిస్తే పిల్లలు తమంత తామే అడిగే ప్రశ్న ఒకటుంది: ఆకులాంటి కాగితానికి బంగారం ఎందుకిస్తారు? జవాబు తొందరపడి చెప్పకండి. నడుముకు గంటలు కట్టుకొని పరుగెత్తే వార్తాహరుల సంగతి కూడా ఇదే పద్ధతిలో ఆడించి చూపవచ్చు. గంటల చప్పుడు దూరం నుండే వినబడడం వల్ల తరువాతి మజిలీలోని మనిషి ముందే సిద్ధంగా ఉండేవాడు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఒక నోటుపుస్తకం తెరిపించడం. పేజీ మధ్యలో గీత గీసి, ఒక వైపు ‘చూశాడు’, మరొక వైపు ‘విన్నాడు’ అని శీర్షికలు పెట్టించాలి. చదివిన ప్రతి విషయాన్నీ పిల్లలు ఏదో ఒక వైపు రాయాలి, ఎటూ తేలనిదాన్ని గీత మీదనే రాయాలి. మండే నల్లరాళ్లు, అంటే బొగ్గు, మొదటి వైపు వెళ్తాయి. జపానులో రాజభవనపు కప్పంతా బంగారమేనన్న మాట, అండమాన్‌లో కుక్క తలల మనుషులున్నారన్న మాట రెండవ వైపు వెళ్తాయి. సుమత్రాలో చూసిన ‘ఒంటికొమ్ము గుర్రం’ నిజానికి ఖడ్గమృగమని పిల్లలే కనిపెడతారు.

తెలుగు పిల్లలకు ఈ నోటుపుస్తకంలో ఒక పూర్తి పేజీ మోటుపల్లికి కేటాయించాలి. నేటి బాపట్ల జిల్లాలోని ఆ తీరగ్రామం పుస్తకంలో ముత్ఫిలిగా కనిపిస్తుంది. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, సాలెగూడు పోగుల వంటి సన్నని బట్టలు నేస్తారని, లోతైన లోయల్లోకి మాంసపు ముద్దలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయని ఉంది. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి. ఆమె చనిపోయిన రాజుకు భార్య అని మార్కో చెప్పాడు గాని, ఆమె గణపతిదేవుని కుమార్తె. పైగా 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని తెలుపుతుండగా, మార్కో ఓడలు ఈ సముద్రంలో తిరిగింది ఆ తరువాతి సంవత్సరాలలో. అయితే ఆ వివరాలు ఏ వైపు రాయాలి? దీని పక్కనే గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనాన్ని చదివించండి. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ముందటి రాజులు లాక్కునేవారని, తాను ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాజు అందులో మాట ఇచ్చాడు. ఒకే రేవు గురించి బయటివాడు చెప్పిన కథ, లోపలివాడు రాతిమీద చెక్కించిన మాట పక్కపక్కన పెట్టి చదవడం ఈ వయసులో అరుదుగా దొరికే అవకాశం.

పుస్తకం పుట్టిన తీరును చివరి వారానికి ఉంచవచ్చు. 1295లో వెనిస్ చేరిన మార్కో, వెనిస్‌కు పోటీ నగరమైన జెనోవా వారితో జరిగిన పోరులో పట్టుబడి, 1298లో చెరసాలలో ఉండగా తోటి ఖైదీ రస్టికెల్లోకు తన అనుభవాలు చెప్పాడు. రస్టికెల్లో వీరగాథలు రాసేవాడు కనుక అక్కడక్కడ కథకుడి రంగులు పడ్డాయి. అచ్చుయంత్రం లేని కాలంలో చేతిరాత ప్రతులు ఒకదానికొకటి పోలకుండా పెరిగాయి. చైనా నుండి నూడుల్స్ తెచ్చి ఇటలీకి పాస్తా నేర్పాడన్న కథను మాత్రం మొహమాటం లేకుండా కొట్టివేయండి.

అసలు అతడు చైనా వెళ్లాడా అని పెద్దపిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. గొప్ప గోడను, టీని అతడు ప్రస్తావించలేదన్నది అనుమానించేవారి వాదన. నేడు కనబడే గోడలో ఎక్కువ భాగం తరువాతి మింగ్ రాజవంశ కాలంలో కట్టినది. ఇక కొకచిన్‌ను తీసుకువెళ్లిన ముగ్గురు రాయబారుల పేర్లు చైనా రికార్డులోనూ అలాగే ఉన్నాయి, అయితే అందులో మార్కో పేరు లేదు. ఈ రెండు వైపులనూ చెప్పి తీర్పు పిల్లలకు వదిలేయాలి. మంగోలుల దండయాత్రల హింసను దాచవద్దు; ఇతర మతాల వారిని మార్కో చులకనగా పేర్కొన్న చోట్లను కూడా చదివి చర్చించండి.

ఇదంతా పూర్తయ్యాక ఇంకా అడిగేవారికి మరో యాత్రికుడు ఇబ్న్ బతూతాను ఇవ్వండి. మార్కో మరణించిన మరుసటి సంవత్సరం, 1325లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో అతడు మొరాకోలోని టాంజియర్ నుండి బయలుదేరాడు, ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేశాడు. అతని పుస్తకం కూడా అతడు చెబుతుండగా మరొకరు రాసినదే కాబట్టి, గీత గీసిన ఆ నోటుపుస్తకాన్నే కొనసాగించవచ్చు.